కంటి లోపల దీపం

కేశ్‌కాల్ ఘాట్. దిగుడు మొదలైంది.

బస్తర్ పీఠభూమి ఇక్కడ ఒక్కసారిగా తెగిపోతుంది. రోడ్డు కొండను చుట్టుకుంటూ కాంకేర్ వైపు జారిపోతుంది. వానాకాలం ఇప్పుడిప్పుడే వెనక్కి తగ్గింది. సాల్ చెట్ల పచ్చి వాసన కిటికీల్లోంచి కొడుతోంది. మలుపు తిరిగిన ప్రతిసారీ లోపలున్న పెద్దవాళ్ళు ముందు సీటు కమ్మీని గట్టిగా పట్టుకుంటున్నారు. కంటి మీద తెల్లటి కట్టు. కట్టు కింద ఆగని సలుపు.

2024 అక్టోబర్ నెలాఖరు. దీపావళి దగ్గర పడింది. దంతెవాడ నుంచి రాయ్‌పూర్‌కి దాదాపు 400 కిలోమీటర్లు. బండిలో ఉన్నది శుక్లాలు తీయించుకున్న పల్లెల వృద్ధులు. ఆపరేషన్‌కి ముందు వాళ్ళకి మసగ్గానైనా కనబడేది. ఇప్పుడు అదీ పోయేలా ఉంది.

బండి ఘాట్ దిగింది. కంట్లో చీము మాత్రం పైకెక్కుతోంది.

*

రాయ్‌పూర్. డాక్టర్ భీంరావ్ అంబేడ్కర్ స్మారక ఆసుపత్రి. ఊళ్ళో అందరూ మేకాహారా అనే అంటారు. రాష్ట్రంలో ఏ మూల ప్రాణం మీదికొచ్చినా బండి చివరికి తిరిగేది ఈ గేటు వైపే.

వార్డులో ఫినాయిల్ వాసన. స్ట్రెచర్ చక్రాల కిర్రుకిర్రు. నర్సు దూది తడిపి కట్టు మెల్లగా ఊడదీస్తుంది. రెప్పలు ఉబ్బి అతుక్కుపోయాయి. వేళ్ళతో విడదీస్తే లోపల తెల్లగుడ్డు ఎర్రగా మండుతోంది. నల్లగుడ్డు మీద మసక. దాని వెనక, కింది అంచున, తెల్లగా పేరుకున్న చీము.

డాక్టరు టార్చి వెలిగిస్తారు.

"దాయీ, అంజోర్ దిఖత్ హే?"

అమ్మా, వెలుతురు కనబడుతోందా?

ఆ ఒక్క జవాబు మీద చాలా ఉంది. ముందు చెయ్యి ఊపితే కదలిక తెలిసే కంటికి, లోపలికి మందు ఎక్కిస్తే చాలొచ్చు. వట్టి వెలుతురు మాత్రమే తెలిసే కంటికి ఆ వ్యవధి లేదు. వెంటనే తెరిచి శుభ్రం చెయ్యాలి. శుక్లాల ఆపరేషన్ తర్వాత చీము పట్టిన కళ్ళ మీద అమెరికాలో జరిగి, 1995లో వెలువడిన పెద్ద అధ్యయనం డాక్టర్ల చేతికిచ్చిన కొలబద్ద ఇది.

తెరవాలి సరే. కనుగుడ్డు లోపల చీకటి. అక్కడ పనిచెయ్యాలంటే దీపం పట్టుకునే దిగాలి.

ఆ దీపంతోనే ఇంకో ప్రమాదం మొదలవుతుంది.

*

అంతకు కొద్ది రోజుల ముందు. అక్టోబర్ 22. దంతెవాడ జిల్లా ఆసుపత్రి.

ఆ రోజు 20 మందికి శుక్లాల ఆపరేషన్లు జరిగాయి. ఇళ్ళకు పంపించారు. తర్వాత ఒక్కొక్కరే వెనక్కి రావడం మొదలైంది. కన్ను దురద. నీరు. నొప్పి. చీము. 10 మందిని రాయ్‌పూర్‌కి తరలించారు. లెక్క అక్కడ ఆగలేదు, తర్వాతి రోజుల్లో ఇంకొందరు తోడయ్యారు. సర్జన్‌తో పాటు మరో ఇద్దరు సిబ్బందిని ప్రభుత్వం సస్పెండ్ చేసింది. బిలాస్‌పూర్‌లోని హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది.

ఛత్తీస్‌గఢ్‌కి ఈ దెబ్బ మొదటిది కాదు. 2011లో బాలోద్ కంటి శిబిరంలో నలభై మందికి పైగా చూపు పోగొట్టుకున్నారు. ఆ గాయం మీద పొక్కు ఆరకముందే ఇది.

మనకి ఇది దూరపు వార్తేమీ కాదు. అదే దంతెవాడ జిల్లాలోని కిరందుల్ నుంచి రైలెక్కితే విశాఖలో దిగొచ్చు. బైలదిల ఇనుప గనుల వెంట తరాలుగా తెలుగు కుటుంబాలున్నాయి. జిల్లా ఆసుపత్రి బెంచీ మీద వరసలో కూర్చునే వాళ్ళలో మనవాళ్ళూ ఉంటారు.

దంతెవాడ కళ్ళకు చేటు తెచ్చింది ఇన్‌ఫెక్షన్. ఆపరేషన్‌లో లోపలికి దూరిన క్రిమికి కనుగుడ్డు మధ్యలోని జిగురు పదార్థం మంచి ఆహారం. దాన్ని విట్రియస్ అంటారు. అందులో రక్తనాళాలు ఉండవు. ఒంట్లోని రక్షణ బలగం అక్కడికి చేరేసరికే ఆలస్యమైపోతుంది. చీము వెనక్కి పాకుతుంది. వెనక గోడకి అతుక్కుని రెటీనా ఉంది. దాని మందం పావు మిల్లీమీటరు. అందులో మాక్యులా అనే చిన్న చోటుతోనే మనిషి అక్షరం చదివేది, మనవడి ముఖం పోల్చుకునేది, సూదిలో దారం ఎక్కించేది.

ఆ చోటు మీద ఇప్పుడు రెండు వైపుల నుంచి ముప్పు. ఒకటి చీము. రెండోది, చీము తీయడానికి వచ్చే వెలుగు.

*

ఆపరేషన్ థియేటర్. ఇలాంటి కంటికి చేసేది విట్రెక్టమీ.

ఏసీ చలి. ఆకుపచ్చ గుడ్డల మధ్య ఒకే ఒక గుండ్రటి కిటికీ. అందులో కన్ను. రెప్పలు మూసుకోకుండా తీగ కొక్కెం లాగి పట్టింది. చుక్కల మందుతో కంటిపాప పెద్దదైంది. మత్తు ఇంజెక్షన్‌తో గుడ్డు కదలడం మానేసింది.

నల్లగుడ్డు అంచుకి మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల వెనక మూడు రంధ్రాలు. ఒక్కోటీ అర మిల్లీమీటరుకి అటూ ఇటూ. ఒకదాంట్లోంచి ద్రవం లోపలికి వెళ్తుంది, గుడ్డు కుంచించుకుపోకుండా. రెండోదాంట్లోంచి కట్టర్. మూడోదాంట్లోంచి లైట్ పైపు.

"లైట్లు ఆపండి."

గది చీకటైంది. మానిటర్ బీప్ ఒక్కటే వినబడుతోంది. ఒక్క క్షణం తర్వాత కనుగుడ్డు లోపలి నుంచి నారింజ రంగు వెలుగు పైకి ఉబికింది.

కట్టర్ కదిలింది. నిమిషానికి వేల సార్లు కొరుకుతూ, కొరికిందాన్ని వెంటనే పీల్చేస్తూ, చీము పట్టిన జిగురును పొర తర్వాత పొర తొలిచేస్తూ, ఒక మిల్లీమీటరు ఎక్కువ దిగితే రెటీనాకి చిల్లు పడుతుందని తెలిసి ప్రతి కదలికకీ ముందు ఒకసారి ఆగి చూసుకుంటూ, ఆ సన్నటి గొట్టం వెనక గోడ వైపు సాగుతోంది. వెలుగు దాని పక్కనే నడుస్తోంది.

మసక. అంతా మసక. వాచిన నల్లగుడ్డు అడ్డం. తేలే చీము అడ్డం. కట్టర్ కొన ఎక్కడుందో కనబడటం లేదు.

"లైట్ పెంచనా మేడమ్?"

సర్జన్ వెంటనే జవాబు చెప్పలేదు.

*

1945 జూలై 9. యూరప్ మీద సూర్యగ్రహణం.

యుద్ధం ముగిసి రెండు నెలలు. జర్మనీలో ఓ వైద్య విద్యార్థి వట్టి కళ్ళతో గ్రహణం చూశాడు. తర్వాత చూపులో తేడా వచ్చింది. హాంబర్గ్ కంటి ఆసుపత్రిలో గెర్‌హార్డ్ మయర్ ష్వికెరాత్ అనే యువ డాక్టరు అతని కంట్లోకి చూశాడు. మాక్యులాలో కాలిన మచ్చ. అంచులు తీర్చిదిద్దినంత స్పష్టంగా ఉన్నాయి.

అలాంటి మచ్చని అతను అంతకుముందే చూశాడు. రెటీనా ఊడినప్పుడు డాక్టర్లు విద్యుత్ వేడితో కావాలని వేసే వాతకి మానిన గుర్తు కూడా ఇలాగే ఉంటుంది.

మరి కోత లేకుండా వెలుగుతోనే వాత పెట్టగలిగితే?

ఆసుపత్రి కప్పు మీదికి అద్దాలు చేరాయి. కదిలే సూర్యుణ్ణి వెంబడించే హీలియోస్టాట్ ఒకటి ఏర్పాటైంది. ఎండని పట్టి, మళ్ళించి, కింద గదిలో ఉన్న రోగి కంట్లోకి దించారు. 1949లో ఫలించింది. హాంబర్గ్ ఆకాశంలో మబ్బులెక్కువ. సూర్యుణ్ణి నమ్ముకుంటే కుదరదని కార్బన్ ఆర్క్ దీపానికి మారాడు. 1950ల మధ్యలో జైస్ సంస్థతో కలిసి జెనాన్ దీపం తెచ్చాడు. ఈనాటి లేజర్ చికిత్సకి తాతలాంటి యంత్రం అది.

సూత్రం ఒకటే. రెటీనా వెనకున్న నల్లటి పొర వెలుగుని మింగుతుంది. మింగిన వెలుగు వేడిగా మారుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలకి పైగా ఎగబాకితే అక్కడి మాంసకృత్తులు గుడ్డు తెల్లసొన ఉడికినట్టు గట్టిపడతాయి.

అతను కాల్చాలనే కాల్చాడు. ఎక్కడ, ఎంతసేపు అన్నది అతని చేతిలోనే ఉంది. కానీ చూడటం కోసం మాత్రమే వెలిగించిన దీపం ఎవరికీ తెలియకుండా కాలిస్తే?

ఆ ప్రశ్న వెయ్యడానికే ఇంకో తరం పట్టింది.

*

"వద్దు. పెంచొద్దు."

సర్జన్ గొంతు తగ్గించే చెప్పింది. "ముందు పైన మసక తీద్దాం."

లైట్ పైపు వెనక్కి వచ్చింది. నల్లగుడ్డు మీద వాచిన పైపొరని మెల్లగా గీరారు. నీళ్ళు చిలకరించారు. మళ్ళీ లోపలికి. ఈసారి దృశ్యం కాస్త విచ్చుకుంది. లైటు స్థాయి అక్కడే ఉంది. దాని కొన మాత్రం రెటీనాకి దూరంగా, పక్కకి ఒరిగి ఉంది.

ఇక్కడ దూరమే రక్షణ. కొన దగ్గరికి జరిగిన కొద్దీ అదే వెలుగు చిన్న చోట గుమిగూడుతుంది. తీవ్రత చూస్తుండగానే రెట్లు పెరుగుతుంది. యంత్రం మీద అంకె మారదు. రెటీనా మీద పడే మోతాదు మారిపోతుంది.

వేడి విషయంలో ఇంకో దన్ను ఉంది. కంట్లో తిరుగుతున్న ద్రవం దాన్ని మోసుకుపోతుంది. ఆపరేషన్ చివర్లో ఒక్కోసారి ద్రవం తీసి గాలి నింపుతారు. అప్పుడు ఆ చల్లదనం ఉండదు. పొరలు కనబడటానికి వేసే రంగుమందులున్నప్పుడు మరీ జాగ్రత్త పడాలి. ఇండోసయనిన్ గ్రీన్ లాంటి రంగు వెలుగుని తనలోకి లాక్కుంటుంది. ఆ భారం రెటీనా మీదే పడుతుంది.

వేడిని ఇలా కాచుకోవచ్చు. కానీ వేడి పుట్టించకుండానే చంపే వెలుగు ఒకటుంది.

*

1966. అమెరికాలోని బఫెలో నగరం. వెర్నర్ నోయెల్ ప్రయోగశాలలో బోనుల నిండా ఎలుకలు.

ఆ బోనుల్లో వెలుగుతున్నవి మామూలు ఫ్లోరసెంట్ దీపాలు. చేత్తో తాకినా కాలవు. గంటల తరబడి, ఒక రోజు వరకూ, ఆపకుండా వెలిగించి ఉంచారు. తర్వాత రెటీనాలు పరీక్షిస్తే వెలుగుని పట్టే కణాలు చచ్చిపోయి ఉన్నాయి. ఎక్కడా కాలిన జాడ లేదు. ఎలుకల ఒంటి వేడి పెంచి చూస్తే నష్టం ఇంకా త్వరగా జరిగింది. వెలుగు చేసే హానికి వేడి తోడవుతుంది. వేడి లేకపోయినా హాని ఆగదు.

1976లో వర్జీనియాలో విలియం హామ్ బృందం కోతుల కళ్ళ మీద రంగు రంగు వెలుగులు వేసి చూసింది. దోషి దొరికింది. నీలం. ఎరుపు కంటే ఎన్నో రెట్లు తక్కువ బలంతోనే నీలం వెలుగు కణాల్లో రసాయన విధ్వంసం మొదలుపెడుతుంది. దాని దగ్గర లెక్క సూటిగా ఉంటుంది. తీవ్రత, సమయం, ఈ రెండూ కలిసిందే మోతాదు. మంద వెలుగైనా ఎక్కువసేపు ఉంటే చాలు.

ఇక 1983. శాన్‌ఫ్రాన్సిస్కో.

శుక్లం తీశారు. కృత్రిమ లెన్స్ సరిగ్గా కూర్చుంది. కుట్లు చక్కగా ఉన్నాయి. కానీ మాక్యులా దగ్గర పాలిపోయిన కోలమచ్చ. ఇన్‌ఫెక్షన్ లేదు, రక్తం కారలేదు. ఇదెక్కడి నుంచి వచ్చింది?

మెక్‌డొనాల్డ్, ఇర్విన్ అనే ఇద్దరు డాక్టర్లు తలెత్తి పైకి చూశారు. ఆపరేషన్ బల్ల మీద వేలాడే మైక్రోస్కోప్. దాని దీపం.

ఎండలోకి వస్తే మనం ఏం చేస్తాం? రెప్ప వాలుస్తాం. చూపు తిప్పుకుంటాం. పాప దానంతటదే ముడుచుకుంటుంది. కంటికి పుట్టుకతో ఉన్న కాపలా ఇది. ఆపరేషన్ బల్ల మీద ఈ కాపలా మొత్తం తీసేస్తారు. రెప్పని కొక్కెం పట్టింది. గుడ్డుని మత్తు కట్టేసింది. పాపని చుక్కలు తెరిచేశాయి. దానికి తోడు కొత్తగా పెట్టిన లెన్స్, మైక్రోస్కోప్ దీపాన్ని తీసుకెళ్ళి నేరుగా రెటీనా మీద కేంద్రీకరిస్తుంది. రోగికి నొప్పి తెలియదు. సర్జన్‌కి ఏమీ కనబడదు. నిమిషాలు గడుస్తుంటాయి.

1987లో లాస్ ఏంజెలిస్ డాక్టర్లు 135 ఆపరేషన్లు పరిశీలించారు. 10 కళ్ళలో దీపం మచ్చ కనబడింది. ఆపరేషన్ సాగిన కొద్దీ ప్రమాదం పెరిగింది. అవి రెండు గంటలు పట్టే ఆపరేషన్లు కూడా ఉన్న రోజులు.

ఆ తర్వాత ఎన్నో మారాయి. అతినీలలోహిత కిరణాలని ఆపే ఫిల్టర్లు వచ్చాయి. పసుపు ఫిల్టర్లు వచ్చాయి. కంటి మైక్రోస్కోప్ దీపాలకి ఐఎస్ఓ 10936 రెండో భాగం, కంటి లోపలి దీపాలకి ఐఎస్ఓ 15752 హద్దులు గీశాయి. శుక్లాల ఆపరేషన్ చెయ్యి తిరిగిన సర్జన్ దగ్గర నిమిషాల్లో అయిపోతోంది. అందుకే ఈ మచ్చ ఇప్పుడు అరుదు. శుక్లం ముదిరితే దీపానికి భయపడి ఆపరేషన్ మానుకోవాల్సిన పనే లేదు.

కానీ కష్టమైన కళ్ళున్నాయి. మధ్యలో చిక్కుపడిన ఆపరేషన్లున్నాయి. చెయ్యి ఇంకా నేర్చుకుంటున్న చోట ప్రతి అడుగూ నిదానిస్తుంది. నిదానించిన ప్రతి నిమిషం మాక్యులా ఖాతాలో పడుతుంది. గంటకి పైగా సాగే విట్రెక్టమీలో అయితే దీపం కంటి లోపలే ఉంటుంది.

*

థియేటర్‌లో కట్టర్ శబ్దం ఆగింది.

చీము చాలావరకు పోయింది. వెనక గోడ ఇప్పుడు కనబడుతోంది. అక్కడక్కడ రక్తపు చుక్కలు, పాలిపోయిన చోట్లు. నాళాలు మాత్రం ఇంకా పారుతున్నాయి. ఆ ఒక్క నిమిషం ఎవరికైనా చేతిలోని దీపాన్ని మాక్యులా మీదే నిలిపి, తనివితీరా చూసుకోవాలనిపిస్తుంది.

అక్కడే అసలు పరీక్ష. చూశారు. పక్కకి తప్పించారు. లైట్ పైపు బయటికొచ్చింది.

వాంకోమైసిన్. సెఫ్టాజిడైమ్. ఒక్కోటి చుక్కంత. సూదితో కంటి మధ్యలోకి. రంధ్రాలు మూశారు. కంటి మీద మెత్త పెట్టారు.

"లైట్లు వెయ్యండి."

గదిలో వెలుతురు నిండింది. ఆ కన్ను ఎంత చూస్తుందో ఈ రోజు ఎవరూ చెప్పలేరు. ఇన్‌ఫెక్షన్ ఎంత తినేసిందో తేలాలి. దాని మీద దీపం నష్టం కలవకుండా చూడటం వరకూ డాక్టరు చేతిలో ఉంది. అది జరిగింది.

*

దీపం దెబ్బ బయటపడేది తర్వాతే. ఒకటి రెండు రోజుల్లో రోగి చెబుతాడు, చుట్టూ కనబడుతోంది, నడిమధ్యలో మాత్రం నల్లగా ఉందని. చూసే మనిషికి ముఖం ఉండదు, భుజాలుంటాయి. గోడ గడియారం అంచులు తెలుస్తాయి, ముల్లు తెలియదు. ఆ మాట విన్నవాళ్ళు 'కొత్త కన్ను కదా, అలవాటవుతుందిలే' అని సర్ది పంపించేస్తే తప్పు అక్కడే పాతుకుపోతుంది. కొన్ని మచ్చలు నెలల్లో తేలికపడతాయి. కొన్ని జీవితాంతం ఉండిపోతాయి.

కనిపెట్టడానికి పెద్ద యంత్రం కూడా అక్కర్లేదు. గళ్ళు గీసిన ఒక కాగితం చాలు. స్విట్జర్లాండ్ డాక్టరు ఆమ్‌స్లర్ పేరుతో ప్రతి కంటి ఆసుపత్రిలోనూ ఉంటుంది. మధ్యలోని చుక్క మీద చూపు నిలపమని, చుట్టూ గీతలు వంకరగా ఉన్నాయా, ఎక్కడైనా ఖాళీగా ఉందా అని అడగాలి. చదువు రాకపోయినా చెప్పగలరు. కట్టు విప్పిన రోజున ఆ ప్రశ్న ప్రతి కంటికీ పడాలి. శిబిరంలో వందో మనిషికైనా సరే.

బల్ల దగ్గర చెయ్యాల్సినవి ఇంకా తేలిక. లెన్స్ కూర్చున్నాక అక్కర్లేని క్షణంలో కంటి మీద చిన్న తడిగుడ్డ వెయ్యొచ్చు. మైక్రోస్కోప్‌ని కొద్దిగా ఒంచితే వెలుగు మాక్యులా మీది నుంచి పక్కకి తప్పుకుంటుంది. పని సాగే కనీస స్థాయిలోనే దీపం ఉంచొచ్చు. వీటిలో దేనికీ అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. అలవాటు కావాలి.

మందు ఎన్ని మిల్లీగ్రాములు ఇచ్చారో కేస్ షీట్‌లో రాస్తారు. దీపం ఎన్ని నిమిషాలు వెలిగిందో, ఎంత తీవ్రతతో వెలిగిందో కూడా అదే కాగితం మీద రాయాలి. వెలుగుకీ మోతాదుంది. మోతాదున్న దేనికైనా లెక్క ఉండాలి.

బస్తర్ పల్లె నుంచి వచ్చిన ముసలమ్మ ఈ లెక్క అడగదు. అడగాలని ఆమెకి తెలియదు, తెలియాల్సిన బాధ్యతా ఆమెది కాదు. పనిముట్లు శుభ్రంగా ఉన్నాయా, దీపం హద్దులో ఉందా అన్న రెండు ప్రశ్నలకీ ఆమె కన్ను తెరవకముందే ఆసుపత్రి తనకి తాను జవాబు చెప్పుకోవాలి. ఒకదాంట్లో తప్పితే ఏమవుతుందో దంతెవాడ చూపించింది. రెండోదాన్ని చూపించడానికి ఇంకో ఊరి పేరు అక్కర్లేదు.